సీటు వదిలితే ఫీజు తిరిగి వస్తుందా?



జులై నుంచి అక్టోబరు దాకా కర్నూలు, కడప జిల్లాల్లో మన పిల్లలకు ఫీజుల కాలం. ఇంటర్ ఫలితాలు వస్తాయి, ఈఏపీసెట్ ర్యాంకులు వస్తాయి, కౌన్సెలింగ్ మొదటి విడత, రెండో విడత అంటూ సాగుతుంది. ఆ మధ్యలోనే సీటు పోతుందేమో అన్న భయంతో తల్లిదండ్రులు ఏదో ఒక కాలేజీలో డబ్బు కట్టేస్తారు. ఆదోనిలో పత్తి మిల్లుకు పోయే తండ్రికి గానీ, కడపలో పండ్ల బండి పెట్టుకున్న అన్నకు గానీ, రాయచోటి వైపు నుంచి కువైట్‌కు పోయి ఇళ్లలో పనిచేసే తల్లికి గానీ అది ఒక్కసారిగా తీసి ఇవ్వగలిగే మొత్తం కాదు. సంఘం దగ్గరికి వస్తారు. మనం చెక్కు రాస్తాం, రసీదు తీసుకుని ఫైల్లో పెడతాం. అక్కడితో పని అయిపోయిందనుకుంటాం.

కానీ చేరిన ప్రతి బిడ్డా అక్కడే ఉంటుందని లేదు. రెండో విడతలో ఇంటికి దగ్గరి కాలేజీలో సీటు వస్తుంది. డిగ్రీలో చేరాక నర్సింగ్‌లో అవకాశం వస్తుంది. తండ్రికి జబ్బు చేసి పెద్దకొడుకు అంగడిలో కూర్చోవాల్సి వస్తుంది. ఉల్లి ధర పడిపోయిన ఏడు, వేరుశనగ ఎండిపోయిన ఏడు, రెండో కంతు కట్టలేమని ఇంట్లో ముందే తెలిసిపోతుంది. పాఠం ఒక్క ముక్క అర్థం కాక పదిరోజులకే పిల్ల ఇంటికొచ్చేస్తుంది. ఇవేవీ నేరాలు కావు. అయితే మనం కట్టిన డబ్బు సంగతేమిటి? ఆ డబ్బు తిరిగొస్తే ఇంకో బిడ్డకు ఒక సెమిస్టరు గడుస్తుంది. రాకపోతే ఈ బిడ్డకూ చదువు లేదు, ఆ బిడ్డకూ లేదు.

తిరిగి రావడానికి దారి ఉంది. నిబంధనలు కాగితం మీద స్పష్టంగానే ఉన్నాయి. వాటికి గడువులున్నాయి, ఆ గడువులు చాలా తొందరగా అయిపోతాయి.

తేదీల లెక్క

విశ్వవిద్యాలయ నిధుల సంఘం, అందరం యూజీసీ అని పిలిచే సంస్థ, 2018 అక్టోబరులో ఒక నోటిఫికేషన్ ఇచ్చింది. ఫీజు వాపసు ఎలా చేయాలో, ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎందుకు పెట్టుకోకూడదో అందులో ఉంది. డిగ్రీ, పీజీ, పరిశోధన కోర్సులకు అది వర్తిస్తుంది. కర్నూలులోని రాయలసీమ విశ్వవిద్యాలయం, డాక్టర్ అబ్దుల్ హక్ ఉర్దూ విశ్వవిద్యాలయం, కడపలోని యోగి వేమన విశ్వవిద్యాలయం, వాటికి అనుబంధంగా ఉన్న కాలేజీలు, డీమ్డ్ విశ్వవిద్యాలయాలు, అన్నీ దీని పరిధిలోవే.

లెక్క మొత్తం ఒక్క తేదీ చుట్టూ తిరుగుతుంది. ఆ కోర్సుకు అధికారికంగా ప్రకటించిన ప్రవేశాల చివరి తేదీ అది. మనవాళ్లు పొరబడేది ఇక్కడే. పిల్లవాడు చేరిన తేదీ కాదు, క్లాసులు మొదలైన తేదీ కాదు, డబ్బు కట్టిన తేదీ అసలే కాదు.

ఒక లెక్క వేసి చూద్దాం. మొత్తం ఫీజు 60,000 రూపాయలు, ప్రవేశాల చివరి తేదీ ఆగస్టు 31 అనుకుందాం. చివరి తేదీకి 15 రోజులు లేదా అంతకంటే ముందు, అంటే ఆగస్టు 16 లోపల, సీటు వద్దని రాసిస్తే మొత్తం తిరిగి ఇవ్వాలి. ప్రాసెసింగ్ ఖర్చుల కింద కాలేజీ 5 శాతానికి మించకుండా పట్టుకోవచ్చు, అదీ 5,000 రూపాయలు దాటకూడదు. మన లెక్కలో గరిష్ఠంగా 3,000 పోయి 57,000 రావాలి. ఆగస్టు 17 నుంచి 31 మధ్య రాసిస్తే 90 శాతం, అంటే 54,000. చివరి తేదీ దాటాక 15 రోజుల లోపల, అంటే సెప్టెంబరు 15 దాకా, 80 శాతం, 48,000. ఆ తర్వాత సెప్టెంబరు 30 దాకా సగం, 30,000. అక్టోబరు 1న పోతే ఏమీ రాదు. ఆగస్టు 16కూ అక్టోబరు 1కీ మధ్య ఉన్నది ఆరున్నర వారాలు. ఆ ఆరున్నర వారాల్లో 57,000 సున్నా అయిపోతుంది.

శాతం లెక్కగట్టేది ఒక్క ట్యూషన్ ఫీజు మీద కాదు, ట్యూషన్ కాని ఇతర ఫీజులు కూడా కలిపిన మొత్తం మీద. కాషన్ డిపాజిట్, సెక్యూరిటీ డిపాజిట్ ఈ లెక్కలోకి రావు. అవి ఎప్పుడు మానేసినా పూర్తిగా తిరిగి ఇవ్వవలసినవి. అక్టోబరు దాటిపోయింది కదా అని వాటిని కూడా వదిలేసుకునే కుటుంబాలు ఉంటాయి, వదలనక్కర్లేదు. రాతపూర్వక అర్జీ అందిన 15 రోజుల్లో డబ్బు వాపసు చేయాలి.

కోవిడ్ తర్వాత యూజీసీ ఇంకాస్త ఉదారంగా వెళ్లింది. కౌన్సెలింగ్‌లు ఆలస్యమై పిల్లలు ఒకచోట కట్టి ఇంకోచోటికి మారాల్సి వస్తుండటంతో ఆయా విద్యాసంవత్సరాలకు ప్రత్యేకంగా గడువులు ప్రకటించింది. 2024-25లో 2024 సెప్టెంబరు 30 దాకా సీటు రద్దు చేసుకుంటే పూర్తి ఫీజు ఇవ్వాలని, అక్టోబరు 31 దాకా అయితే 1,000 రూపాయలకు మించి పట్టుకోకూడదని చెప్పింది. అంతకుముందు ఏడాదీ అవే తేదీలు. 2022-23లో అయితే ఆ గడువులు అక్టోబరు 31, డిసెంబరు 31. ఆ తేదీలు కూడా దాటాక 2018 నాటి శాతాల లెక్కే. అందుకే ఏటా జూన్, జులైలో సంఘంలో ఎవరో ఒకరు యూజీసీ వెబ్‌సైటు చూసి, ఆ ఏడు ఉత్తర్వు వచ్చి ఉంటే ప్రింటు తీసి, ఫీజు సాయం పొందిన ప్రతి ఇంటికీ ఒక కాపీ ఇవ్వాలి. పది రూపాయల పని అది.

ఇంజినీరింగ్, ఎంబీఏ, ఎంసీఏ, 2024-25 నుంచి బీబీఏ, బీసీఏ కోర్సులకు ఏఐసీటీఈ నిబంధనలు కూడా ఉన్నాయి. కోర్సు మొదలుకాకముందే తప్పుకుంటే 1,000 రూపాయలకు మించని ప్రాసెసింగ్ ఫీజు పట్టుకుని మిగతాదంతా ఇవ్వాలి. చేరాక మానేసి, ఆ ఖాళీ సీటు ప్రవేశాల చివరి తేదీ లోపల ఇంకొకరితో నిండితే, ఆ వెయ్యితో పాటు ఉన్నన్ని నెలలకు ఫీజు, హాస్టల్ అద్దె దామాషాగా పట్టుకుని మిగతాది ఇవ్వాలి. సీటు నిండకపోతే సెక్యూరిటీ డిపాజిట్, సర్టిఫికెట్లు మాత్రం తిరిగి ఇవ్వాలి. ఇంకో ముఖ్యమైన మాట: మానేసిన విద్యార్థిని మిగిలిన సంవత్సరాల ఫీజు కట్టమని అడగడానికి వీల్లేదు. నాలుగేళ్ల కోర్సులో చేరావు, నాలుగేళ్ల ఫీజూ కట్టి పో అన్న మాట వింటూనే ఉంటాం. ఆ మాటకు ఏఐసీటీఈ నిబంధనల్లో చోటు లేదు.

కన్వీనర్ కోటా సీటయితే కాలేజీకి అర్జీ ఇవ్వడంతో సరిపోదు. కౌన్సెలింగ్ వెబ్‌సైటులో సీటు రద్దు చేసుకునే పద్ధతి, తేదీ ఆ ఏటి నోటిఫికేషన్‌లో ఉంటాయి. రెండు చోట్లా చేయాలి. ఎంబీబీఎస్, పీజీ వైద్య సీట్ల సంగతి వేరు. అక్కడ సీటు వదిలితే జరిమానా కట్టే బాండ్లు ఉంటాయి కాబట్టి, ఆరోగ్య విశ్వవిద్యాలయం ప్రాస్పెక్టస్ చదవకుండా దాతలెవరూ హామీ సంతకం పెట్టకూడదు.

ఒక్క ఏడాదికి మించి ముందుగా కట్టవద్దు

మూడేళ్ల ఫీజు ఒకేసారి కడితే తగ్గిస్తాం అని కొన్ని కాలేజీలు అంటాయి. గల్ఫ్ నుంచి పెద్ద మొత్తం పంపిన దాత కూడా ఒక బిడ్డ బాధ్యత పూర్తిగా తీరిపోతుందని అలా కట్టేయమంటారు. మంచి మనసుతోనే అంటారు. కానీ మధ్యలో బిడ్డ మానేస్తే మూడేళ్ల డబ్బూ అవతలి చేతిలో ఉంటుంది. చదువుతున్న సెమిస్టరుకో, సంవత్సరానికో మాత్రమే ఫీజు తీసుకోవాలని 2018 యూజీసీ నోటిఫికేషన్ చెబుతోంది. అంతకు చాలా ముందే, 2003 ఆగస్టులో సుప్రీంకోర్టు ఇదే మాట చెప్పింది. కర్ణాటకకు చెందిన ఇస్లామిక్ అకాడమీ ఆఫ్ ఎడ్యుకేషన్ వేసిన కేసది. విద్యార్థి మధ్యలో వెళ్లిపోతాడన్న భయం కాలేజీకి ఉంటే బాండు గానీ బ్యాంకు గ్యారంటీ గానీ అడగవచ్చు తప్ప, కోర్సు మొత్తం ఫీజు ముందే తీసుకోకూడదని ఆ తీర్పు. ఒక సెమిస్టరుకో సంవత్సరానికో మించి తీసుకుంటే ఆ మిగతాది జాతీయ బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్‌గా ఉంచాలని కూడా అన్నారు.

కాబట్టి మూడేళ్ల డబ్బు ఇవ్వదలచిన దాత సంఘం ఖాతాలో ఆ బిడ్డ పేరు మీద ఉంచి, సెమిస్టరుకొకసారి కట్టించడం మేలు. కొద్దిపాటి తగ్గింపు పోతుంది, పోనివ్వండి.

సాబ్‌కు తెలిస్తే ఏమనుకుంటారో

తేదీల గురించి ఇంత చెప్పినా అసలు చిక్కు ఇంకోచోట ఉంది. సాయం తీసుకున్న బిడ్డ కాలేజీ మానేసిన సంగతి సంఘానికి ఎప్పుడు చెబుతుంది? చాలాసార్లు చెప్పదు. రెండో సంవత్సరం ఫీజు అడగడానికి రాకపోతే, ఎవరో వాకబు చేస్తే, అప్పుడు బయటపడుతుంది. అప్పటికి యూజీసీ గడువు దాటి ఎనిమిది నెలలు.

ఎందుకు చెప్పదు? భయం, సిగ్గు. సాబ్ అంత నమ్మకంతో డబ్బిచ్చారు, ఇప్పుడు మానేశానంటే ఏమనుకుంటారో అని. తల్లి అంటుంది, ఇప్పుడే చెప్పొద్దు బేటీ, మళ్లీ చేరుదువులే అని. ఆ మాట మీద ఒక నెల. మామూ వచ్చి కాలేజీ వాళ్లతో మాట్లాడతానని ఇంకో పదిహేను రోజులు. ఈ లోపల 90 శాతం 80 అవుతుంది, 80 కాస్తా 50 అవుతుంది.

ఈ ఆలస్యంలో దాతలుగా మన పాత్ర కూడా ఉంది. ఫీజు చెక్కు ఇచ్చే సభలో బిడ్డను వేదిక మీద నిలబెట్టి, బాగా చదివి పేరు తేవాలి, మా డబ్బు వృథా చేయవద్దు అని చెబుతాం. ఉద్దేశం మంచిదే. కానీ పద్దెనిమిదేళ్ల పిల్ల చెవికి అది ఎలా వినిపిస్తుందంటే, మానేయాల్సి వస్తే ఈ ముఖాలు మళ్లీ చూడకూడదు అన్నట్టు వినిపిస్తుంది. అదే సభలో ఇంకొక్క మాట కలిపితే చాలు: ఏ కారణం వల్లనైనా కోర్సు మార్చాలనిపించినా, మానేయాలనిపించినా మొదటి వారంలోనే మాకు చెప్పు, ఎవరూ ఏమీ అనరు, డబ్బు తెచ్చుకోవడానికి మేమే నీతో వస్తాం. చెప్పడమే కాదు, ఆడపిల్లలు సంకోచం లేకుండా ఫోన్ చేయగలిగేలా సంఘంలో ఒక మహిళ పేరు, నంబరు చెక్కు కవరులోనే పెట్టి ఇవ్వాలి. క్లాసులు మొదలైన రెండో వారంలో ఆమె ప్రతి ఇంటికీ ఒక ఫోన్ చేయాలి. కాలేజీకి పోతున్నావా, అర్థమవుతోందా, హాస్టల్ ఎట్లుంది అని అడిగితే నిజం ఆ ఫోన్‌లోనే తెలిసిపోతుంది.

గడువు దాటాక తెలిసిందనుకోండి. డబ్బు రాదని తేలిపోయినప్పుడు వెంటనే మానిపించేయడం కంటే, వీలైతే ఆ సెమిస్టరు పరీక్షలు రాయించడం మంచిది. కట్టిన ఫీజుకు కనీసం క్రెడిట్లు మిగులుతాయి. 2021లో వచ్చిన అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ పద్ధతిలో పాసైన సబ్జెక్టుల క్రెడిట్లు విద్యార్థి ఖాతాలో జమవుతాయి. ఆ పద్ధతిలో చేరిన విద్యాసంస్థలో తర్వాత చదువు కొనసాగించేటప్పుడు అవి లెక్కకు వస్తాయి. పెళ్లి కుదిరిందనో, ఇంట్లో జబ్బనో ఆగిపోయిన అమ్మాయి రెండేళ్ల తర్వాత తిరిగి చేరేటప్పుడు వాటి విలువ తెలుస్తుంది.

సర్టిఫికెట్లు

ఫీజు కంటే ఎక్కువగా కుటుంబాలను కట్టిపడేసేది ఇదే. పదో తరగతి మెమో, ఇంటర్ మెమో, టీసీ కాలేజీ బీరువాలో ఉంటాయి. మానేస్తామంటే మిగిలిన ఫీజు కట్టి తీసుకుపొమ్మంటారు. కొత్త కాలేజీలో ఒరిజినల్స్ లేకుండా చేర్చుకోరు. అక్కడ సీటు గడువు దగ్గర పడుతుంటుంది. గత్యంతరం లేక అప్పు చేసి కట్టి విడిపించుకుంటారు. వడ్డీ ముట్టకూడదని ఎంత పట్టుదలగా ఉన్న ఇల్లయినా ఆ రోజు వడ్డీ వ్యాపారి గడప తొక్కుతుంది.

2018 నోటిఫికేషన్ ఈ విషయంలో మెతకగా లేదు. మార్కుల మెమోలు, స్కూల్ వదిలిన సర్టిఫికెట్ వంటి ఒరిజినల్స్ చేరేటప్పుడు విద్యార్థి ఎదుటే సరిచూసి, వెంటనే తిరిగి ఇచ్చేయాలి. కాలేజీ దగ్గర ఉండవలసినవి విద్యార్థి సంతకం చేసిన నకళ్లు మాత్రమే. ఫీజు బాకీకి తాకట్టుగా వాటిని పెట్టుకోవడానికి వీల్లేదు.

ఆచరణలో చేరే రోజున వాదించడం కష్టం, నిజమే. సీటు చేతిలో పడితే చాలన్న ఆత్రంలో ఉంటారు. ఆ రోజు కనీసం ఒక పని చేయవచ్చు. ఏయే ఒరిజినల్స్ ఇచ్చారో రాసి, కాలేజీ ముద్రతో రసీదు తీసుకోవడం. ఫీజు రసీదు లాగానే దాన్నీ సంఘం ఫైల్లో పెట్టాలి. తర్వాత గొడవ వస్తే ఆ కాగితమే పనికొస్తుంది. అన్నీ స్కాన్ చేసి డిజీలాకర్‌లో ఉన్నాయా లేదా చూసుకోవడం కూడా అలవాటు చేయించాలి.

రీయింబర్స్‌మెంట్ సొమ్ము వచ్చినప్పుడు

ఇది మానేయడం గురించి కాదు గానీ, వాపసు గురించే. దాతలు తప్పక అడగవలసిన ప్రశ్న.

మన పిల్లల్లో చాలామంది ప్రభుత్వ ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు అర్హులు. అయితే ఆ సొమ్ము ఆలస్యంగా వస్తుంది. అందాకా ఆగలేమని కాలేజీ విద్యార్థి దగ్గరే ముందు కట్టించుకుంటుంది, సర్కారు డబ్బు రాగానే తిరిగి ఇస్తామంటుంది. ఆ ముందు కట్టే డబ్బు సంఘమే ఇస్తుంది. ఏడాదికో, ఏడాదిన్నరకో సర్కారు సొమ్ము వస్తుంది. మరి మన డబ్బు? 2021 నుంచి కొంతకాలం ఆ సొమ్ము తల్లుల ఖాతాల్లో పడింది. కాలేజీ ఖాతాకు పోయిన రోజులూ ఉన్నాయి. ఎక్కడికి పోయినా, ఒకే సెమిస్టరుకు రెండుసార్లు ఫీజు ముట్టినట్టు అవుతుంది. ముందే రాసుకోకపోతే ఆ రెండో సొమ్ము ఇంటి అవసరాల్లోనో, కాలేజీ పుస్తకాల్లోనో కలిసిపోతుంది. పేద ఇంటిని తప్పుపట్టలేం, చేతికందిన డబ్బు అవసరానికి ఖర్చయిపోతుంది. అందుకే అలాంటి సాయాన్ని ఖర్జె హసనాగా రాసుకోవడం సబబు. సర్కారు సొమ్ము వస్తే తీరుస్తారు, రాకపోతే సంఘం మాఫీ చేస్తుంది అని ఒక వాక్యం రాసుకోవాలి. అప్పు ఇచ్చి పుచ్చుకునేటప్పుడు రాసుకోమన్న బఖరా సూరా ఆదేశం మన సమాజానికి కొత్త కాదు. ఫీజు సాయం దగ్గరికి వచ్చేసరికి మాత్రం మొహమాటపడతాం.

తిరిగొచ్చిన డబ్బు ఎవరిది?

కాలేజీ 48,000 తిరిగి ఇచ్చిందనుకుందాం. అది విద్యార్థి ఖాతాలో పడింది. అడగవచ్చా, అడగకూడదా?

ఇచ్చినప్పుడు ఏ పద్దు కింద ఇచ్చామన్న దాని మీద ఆధారపడుతుంది. జకాత్ అయితే, హనఫీ ఫిఖ్ ప్రకారం అర్హుడికి ఆ సొమ్ము సొంతం కావాలి. దీన్నే తమ్లీక్ అంటారు. సొంతం అయిపోయాక అది ఆ బిడ్డ డబ్బు. కొత్త కాలేజీలో కట్టుకోవచ్చు, తండ్రి వైద్యానికి పెట్టుకోవచ్చు. తన ఇష్టంతో సంఘానికి ఇస్తే వేరే మాట, హక్కుగా అడగలేం. సాధారణ విరాళం నుంచి, ఈ కోర్సు ఫీజు కోసమే అన్న షరతుతో ఇచ్చి ఉంటే, ఆ కోర్సు లేనప్పుడు తిరిగి సంఘానికి రావాలని ముందే ఒప్పందం చేసుకోవచ్చు. ఖర్జె హసనా అయితే అంత మేరకు బాకీ తగ్గుతుంది. కాలేజీకి నేరుగా చెక్కు రాసే సంఘాలు జకాత్ సొమ్ము విషయంలో విద్యార్థి నుంచి ముందుగా వకాలత్ రాయించుకోవాలా అన్నది తమ ఆలిమ్‌ను అడిగి తేల్చుకోవాలి. ఇక్కడ రాసింది చర్చ మొదలుపెట్టడానికే, ఫత్వా కాదు.

అమెరికాలో ప్రభుత్వ సాయంతో చదివే విద్యార్థి సెమిస్టరులో 60 శాతం గడవకముందే మానేస్తే, చదవని రోజులకు సరిపడే సాయం ప్రభుత్వానికి తిరిగి వెళ్లాలని చట్టం. అక్కడ ఇచ్చినవారికే పోతుంది. మన దగ్గర జకాత్‌లో ముందుగా బిడ్డ హక్కు చూస్తాం. మన పద్ధతే మనకు సరైనదని నా అభిప్రాయం. కానీ అది సంఘం పుస్తకంలో రాసి ఉండాలి. లేకపోతే 48,000 దగ్గర దాతకూ కుటుంబానికీ మధ్య మనసులు విరిగిపోతాయి.

కాలేజీ ఇవ్వనంటే

మొదట ప్రిన్సిపాల్‌కు రాతపూర్వక అర్జీ. నోటిమాటగా చెప్పి వచ్చేస్తే గడువు లెక్కలో అది చెప్పనట్టే. రెండు ప్రతులు తీసుకుపోయి, ఒకటి ఇచ్చి, రెండోదాని మీద తేదీతో ఇన్‌వర్డ్ ముద్ర వేయించుకోవాలి. ముద్ర వేయమంటే స్పీడ్ పోస్టులో పంపి, రసీదు దాచుకోవాలి. ఈమెయిల్ కూడా చేయాలి.

15 రోజులు గడిచినా సమాధానం లేకపోతే ఫిర్యాదు. యూజీసీ 2023లో విద్యార్థుల ఫిర్యాదుల పరిష్కారం కోసం నిబంధనలు తెచ్చింది. ప్రతి విద్యాసంస్థలో ఫిర్యాదుల కమిటీ ఉండాలి, అందులో మహిళకు చోటుండాలి. ఫీజు వాపసు ఇవ్వకపోవడం, సర్టిఫికెట్లు పట్టిపెట్టుకోవడం రెండూ ఆ కమిటీ ముందు పెట్టదగ్గ ఫిర్యాదులే. కమిటీ 15 పనిదినాల్లో తన నివేదిక ఇవ్వాలి. దానితో తృప్తి లేకపోతే 15 రోజుల్లో విశ్వవిద్యాలయం అంబుడ్స్‌పర్సన్‌కు అప్పీలు చేసుకోవచ్చు. అక్కడ 30 రోజుల్లో తేల్చడానికి ప్రయత్నించాలి. విద్యార్థి స్వయంగా రాకపోయినా తన తరఫున ఒక ప్రతినిధిని పంపవచ్చు. సంఘం నుంచి ఒక రిటైర్డ్ టీచరో, అకౌంటెంటో ఆ ప్రతినిధిగా వెళ్లగలిగితే చాలు. కువైట్‌లో ఉన్న తండ్రి సెలవు పెట్టి రానక్కర్లేదు.

వినియోగదారుల కమిషన్‌కు పోదామని చాలామంది అంటారు. ఆ దారి ఇప్పుడు సూటిగా లేదు. 2020 జనవరిలో జాతీయ వినియోగదారుల కమిషన్ విద్యాసంస్థలు ఆ చట్టం కిందికి రావని, కోచింగ్ సెంటర్లు మాత్రం వస్తాయని చెప్పింది. కోచింగ్ సెంటర్ల గురించి కేంద్రం 2024 జనవరిలో ఇచ్చిన మార్గదర్శకాల్లో, మధ్యలో మానేసినవారికి మిగిలిన రోజుల ఫీజు, హాస్టల్, మెస్ డబ్బు 10 రోజుల్లో వాపసు ఇవ్వాలని ఉంది. నీట్ లాంగ్‌టర్మ్‌కు కట్టించే దాతలు ఇది గుర్తుంచుకోవాలి.

కోర్టు దాకా పోవాల్సి వస్తే కర్నూలు, కడపల్లోని జిల్లా న్యాయసేవాధికార సంస్థలు ఉన్నాయి. మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా అక్కడ ఉచిత న్యాయసహాయం దొరుకుతుంది. అమ్మాయిల కేసుల్లో వకీలు ఫీజు కోసం సంఘం నిధి తీయనవసరం లేదు.

కింద ఒక నమూనా అర్జీ ఇస్తున్నాం. ఫీజు చెక్కుతో పాటు దీని ఖాళీ ప్రతి ఒకటి ప్రతి విద్యార్థికీ ఇవ్వాలని కోరుతున్నాం.

గౌరవనీయులైన ప్రిన్సిపాల్ గారికి,

నేను ఈ విద్యాసంవత్సరం మీ కళాశాలలో ............ కోర్సు మొదటి సంవత్సరంలో చేరాను. నా అడ్మిషన్ నంబరు ............ . ............ తేదీన ............ రూపాయలు కట్టాను, రసీదు నకలు జతచేశాను. వ్యక్తిగత కారణాల వల్ల నా సీటు ఈ రోజు నుంచి వదులుకుంటున్నాను. ఈ కోర్సు ప్రవేశాల చివరి తేదీ ఎప్పుడో దయచేసి రాతపూర్వకంగా తెలియజేయండి. యూజీసీ 2018 అక్టోబరు నోటిఫికేషన్, ఈ సంవత్సరానికి వర్తించే ఉత్తర్వుల ప్రకారం నాకు రావలసిన ఫీజును, కాషన్ డిపాజిట్‌ను 15 రోజుల్లో కింది బ్యాంకు ఖాతాకు పంపవలసిందిగా, నేను ఇచ్చిన ఒరిజినల్ సర్టిఫికెట్లు వెంటనే తిరిగి ఇవ్వవలసిందిగా కోరుతున్నాను. సర్టిఫికెట్ల రసీదు నకలు కూడా జతచేశాను.

తేదీ ............ విద్యార్థి సంతకం ............ తల్లి లేదా తండ్రి సంతకం ............

బ్యాంకు ఖాతా నంబరు ............ ఐఎఫ్ఎస్‌సీ కోడ్ ............